బల్లలమ్మగారి కారు

నేను ఒక స్పోర్ట్స్ కారుని. ఎర్రటి ఒళ్ళు, రెండే తలుపులు, రెండే సీట్లు, నేలకి బెత్తెడు ఎత్తులో పొట్ట. పుట్టింది మంచు కురిసే దేశంలో. తెల్లకోట్లు వేసుకున్న మనుషులు చేతులకు తొడుగులు పెట్టుకుని, దుమ్ము కణం కూడా పడనివ్వకుండా నా ఇంజను బిగించారు. గంటకి మూడు వందల కిలోమీటర్లు పోతానని నా మీటరు మీద అంకెలు కూడా వేశారు. వాళ్ళని తప్పు పట్టను. పెదమల్లవరం అనే ఊరొకటి ఉందని వాళ్ళకెవరు చెప్తారు?

ఓడెక్కి వచ్చిన నన్ను ముందు హైదరాబాదులో చక్రధర్ అనే బిల్డరు కొన్నాడు. నడపడానికి కాదు, నిలబెట్టడానికి. ఇంకా పునాది కూడా తియ్యని అపార్ట్‌మెంటు బోర్డు కింద నన్ను నిలబెట్టి ఫొటోలు తీయించేవాడు. ఫ్లాటు కొనడానికి వచ్చినవాళ్ళు ముందు నన్ను చూసి, తర్వాత బోర్డు చూసి, సంతకం పెట్టేవారు. అప్పుడప్పుడు సాయంత్రాలు బయటికి తీసేవాడు గానీ, ఆ ట్రాఫిక్‌లో ఆటోలన్నీ నన్ను దాటుకుని పోయేవి. రెండో గేరు దాకా వెళ్ళిన రోజు పండగే. కొన్నాళ్ళకి బోర్డులు తలకిందులయ్యాయి, అమ్మేశాడు.

సరిగ్గా అప్పుడే మా రాజు గారు, అంటే ముదునూరి జానకిరామరాజు గారు, బంధువుల పెళ్ళికని హైదరాబాదు వచ్చారు. ఆ ఏడు ఆయన చెరువుల్లో రొయ్యకి మంచి రేటు పలికింది. రొయ్యకి రేటు పలికిన ఏడు భీమవరం చుట్టుపక్కల మగవాళ్ళకి ఏమవుతుందో దేవుడికే తెలియాలి. కొందరు ఇంటికి ఇంకో అంతస్తు వేస్తారు, కొందరు గేటుకి సింహాల్ని కట్టిస్తారు. మా రాజు గారు నన్ను చూశారు. చూసి, మీసం మీద చెయ్యి వేసుకుని, "ఇది మనింటి ముందుండాలండి" అన్నారు. అంతే, నా గతి ఖాయమైపోయింది.

ఇక్కడ మా రాజు గారి ఘనత ఒకటి చెప్పాలి. ఆయన పెదమల్లవరానికి పదేళ్ళు ప్రెసిడెంటుగా చేశారు. ఆ పదేళ్ళలో ఆయన స్వయంగా దగ్గరుండి చేయించిన గొప్ప పని ఏమిటయ్యా అంటే, తన ఇంటి గేటు ముందు రోడ్డు మీద వేయించిన స్పీడు బ్రేకరు. పక్కూరి ప్రెసిడెంటు తన ఇంటి ముందొకటి వేయించుకున్నాడని తెలిసి, దానికంటే ఎత్తుగా వేయించారు. అది విని అవతలి ఊరి వాళ్ళు ఇంకాస్త పెంచారు. చర్చి ముందొకటి, రామాలయం ముందొకటి, కాలవ లాకుల దగ్గరొకటి, ఐసు ఫ్యాక్టరీ ముందొకటి. భీమవరం దాకా ఏ ఊరి పలుకుబడి ఎంతో ఆ ఊరి స్పీడు బ్రేకరు చూసి చెప్పొచ్చు. అందరికంటే ఎత్తు మాత్రం మా రాజు గారిదే. అంత ఎత్తు వేయించిన పెద్దమనిషి, దేశంలో అన్నిటికంటే పొట్టి కారుని ఏరి కోరి కొనుక్కొచ్చారు.

నన్ను లారీలో తెచ్చి మెయిన్ రోడ్డు మీద దించారు. మేళం, గుమ్మడికాయ, హారతి, అన్నీ గేటు దగ్గర సిద్ధంగా ఉన్నాయి. రాజు గారు దర్జాగా వచ్చి, ఆయన వేయించిన ఆ స్పీడు బ్రేకరే ఎక్కించారు. నా పొట్ట సిమెంటుకి గీసుకుని కుయ్యిమంది. ముందు చక్రాలు అటు, వెనక చక్రాలు ఇటు, మధ్యలో నేను గాల్లో. మేళం వాళ్ళు ఎందుకైనా మంచిదని వాయిస్తూనే ఉన్నారు. చివరికి ఊళ్ళో కుర్రాళ్ళు పదిమంది నన్ను చేతులతో ఎత్తి ఇంట్లో పెట్టారు. "ఈ బ్రేకరుని కాసింత చెక్కించేస్తే పోదాండీ?" అని ఎవరో పాపం మంచికే అన్నారు.

"చెక్కడమేంటయ్యా? పక్కూరోళ్ళు నవ్వరూ?" అని రాజు గారు కసిరారు.

చెక్కలేదు. దానికి బదులు ఇంట్లో నడవాలో వేలాడుతున్న టేకు ఉయ్యాల బల్లని దింపించి, నిలువునా రెండుగా కోయించారు. స్పీడు బ్రేకరు మీద ఆ బల్లలు కుడి చక్రాల కిందొకటి, ఎడమ చక్రాల కిందొకటి వేస్తే నేను మెల్లగా ఎక్కి దిగుతాను. బల్లలు మొయ్యడానికి ఏసుబాబు అనే పాలేరుని పెట్టారు. నాలో రెండే సీట్లు కదా, వాడు బల్లలు భుజాన పెట్టుకుని మోపెడ్ మీద వచ్చేవాడు. నేను చేరేసరికి ప్రతి చోటా వాడు ముందే వచ్చి, బల్లలు పరిచి, బీడీ కాలుస్తూ నా కోసం ఎదురుచూస్తూ ఉండేవాడు. మూడు వందల కిలోమీటర్ల కారుని నేను, నాకంటే ముందు మోపెడ్! ఆ అవమానం ఇప్పటికీ మరిచిపోలేదు.

ఒక క్రిస్మస్ నాడు ఏసుబాబు రాలేదు. అదే రోజు రాజు గారి భార్య సుభద్రాయమ్మ గారికి పన్ను పోటు. చెంప వాచిపోయింది. భీమవరంలో డాక్టరు దగ్గరికి బయల్దేరాం. గేటు దాటాం, ఆగిపోయాం. రాజు గారు హారన్ కొడుతూ కూర్చున్నారు, హారన్ కొడితే ఏసుబాబు ప్రార్థన మధ్యలోంచి లేచి వస్తాడన్నట్టు.

"ఏవండీ, నేను దిగుతున్నానండి" అన్నారు సుభద్రాయమ్మ గారు.

"దిగడమేంటండీ? నడిరోడ్డు మీద! మనింటి ఆడవాళ్ళు!"

ఈ రాజుల ఇళ్ళలో భార్యని కూడా మీరనే అంటారు. మర్యాదకి ఏ లోటూ ఉండదు. ఆవిడ మాట అడగడమే ఉండదు.

ఆవిడ దిగిపోయారు. పమిట నడుముకి దోపి, బల్లలు తెచ్చి, ఒంగి, రోడ్డు మీద పరిచారు. అటు పొలానికి పోయేవాళ్ళు, ఇటు పాలకి వచ్చినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. రాజు గారి ఇంటి ఆడమనిషిని రోడ్డు మీద చూడడం వాళ్ళకి అదే మొదటిసారి. నేను దాటగానే ఆవిడ బల్లలు తీసి, భుజాన వేసుకుని తర్వాతి స్పీడు బ్రేకరు దాకా నడిచే వచ్చారు. "ఎక్కండీ" అని రాజు గారు బతిమాలుతున్నా, "ఎక్కి దిగడం కంటే నడవడమే నయం" అని వాచిన చెంపతోనే జవాబు చెప్పారు. అలా దారి పొడుగునా నడిచి, పరిచి, తీసి, డాక్టరు దగ్గరికి చేరేసరికి పన్ను సంగతే మరిచిపోయారు. మర్నాడు ఏసుబాబు వచ్చాడు. "నువ్వు చెరువుల దగ్గరకి పో నాయనా, ఈ పని నేను చూసుకుంటాను" అన్నారావిడ.

అప్పటి నుంచి ఎన్నేళ్ళో, బల్లలు నా నెత్తి మీద తాడుతో కట్టుకుని తిరిగాం. ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా ఆవిడకో చుట్టరికం కలిసింది. లాకుల దగ్గర టీ కొట్టు మరియమ్మ, ఐసు ఫ్యాక్టరీ పక్కన రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు, రామాలయం ఎదురుగా జాకెట్లు కుట్టే ఖాదరు. బల్లలు పరిచే నెపంతో పది నిమిషాలు, తీసే నెపంతో ఇంకో పది నిమిషాలు. ఒకరి పిల్లకి సంబంధం చూశారు, ఒకరి మొగుడిని తిట్టి తాగుడు మాన్పించారు, అందరికీ మాగాయ పంచారు. నేను ఇంజను ఆడించుకుంటూ పెట్రోలు తగలేసుకుంటూ వినేదాన్ని. నాకు ఆ ఊళ్ళ సంగతులు తెలిసినంతగా ఏ ఇంగ్లీషు కారుకీ ఏ జర్మనీ కారుకీ తెలిసి ఉండవు.

ఒకసారి మరియమ్మ అడిగింది, "అమ్మగారూ, తవరు ఇంతకు ముందు బయటికే రారటగదండీ?" అని.

"ఎక్కడి రావడం మరియమ్మా! మా పుట్టింట్లో సినిమాకెళ్ళాలన్నా కారద్దాలకి పరదాలు కట్టేవారు. ఈ రోడ్డునే వెళ్ళేవాళ్ళం. ఇక్కడ లాకులున్నాయని నాకు తెలిస్తే ఒట్టు" అని ఆవిడ నవ్వారు.

జనం ఆవిడకి పేరు పెట్టేశారు. బల్లలమ్మగారు. నా పేరు బల్లలమ్మగారి కారు. ఇక్కడి దాకా బాగానే ఉంది. కానీ కిందటేడు భీమవరంలో ఒక పెళ్ళిలో రాజు గారికి జరగరానిది జరిగింది. ఎవరో కొత్తాయన ఈయన్ని చూసి ఎవరండీ అని పక్కాయన్ని అడిగాడు. పక్కాయన, "తెలీదాండీ? మన బల్లలమ్మగారి భర్తండి" అన్నాడు. పదేళ్ళ ప్రెసిడెంటు! దేశంలోకెల్లా ఎత్తయిన స్పీడు బ్రేకరు వేయించిన మనిషి! ఆ రోజు విస్తట్లో మాంసం వడ్డించింది వడ్డించినట్టే వదిలేసి వచ్చారు. వచ్చేటప్పుడు నా స్టీరింగు మీద గుద్దిన గుద్దు నాకింకా గుర్తుంది.

"కారు మార్చేద్దామండి" అన్నారు ఇంటికి రాగానే.

అసలు కారణం చెప్పుకోగలరా? అందుకని నా తప్పులు వెతకడం మొదలుపెట్టారు. పైకప్పు కారుతోందన్నారు. నిజమే. సీట్ల తోలు పగిలిందన్నారు. అదీ నిజమే. ఏసీ వేస్తే వేడిగాలి వస్తోందన్నారు. భీమవరం మెకానిక్కు విదేశీ సామాను దొరక్క నాలో ట్రాక్టరు సామాను బిగించాడని, ఆ మాట నలుగురిలో చెప్పుకోలేకపోతున్నామనీ అన్నారు. ఆయన నాలోంచి దిగాలంటే ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి ఎవరి భుజం మీదనో వేసి, రెండు మోకాళ్ళూ టకటకమనిపించి దిగాలి. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు. కొత్త కారూ స్పోర్ట్స్ కారే కావాలట. పెద్ద కారు ఎక్కితే ముసలాడైపోయాడంటారని భయం.

అరుగు మీద రోజూ సభే. ఉంచాలా, మార్చాలా? సైకిలు తప్ప ఇంకేమీ ఎక్కని వాళ్ళు కూడా నా గేర్ బాక్సు గురించి తీర్పులు చెప్పారు. "ఉంచుకోండి, ఇలాంటి ఇనుము ఇప్పుడు రాదండి" అని ఒకళ్ళు. "మార్చెయ్యండి, పాతదానికి పెట్టే ఖర్చు పెట్టుకుంటే కొత్తది వచ్చేస్తుందండి" అని ఇంకొకళ్ళు. కాఫీలు అందరికీ అందాయి. లోపలి నుంచి ఆ కాఫీలు పంపిస్తున్న మనిషిని మాత్రం ఏ ఒక్కడూ అడగలేదు. ఆవిడ గుమ్మం వెనక నిలబడి అంతా వింటున్నారు. నాకు కనిపిస్తూనే ఉన్నారు. నాకు కోపం ఆగలేదు గానీ, కారుకి కోపం వస్తే ఏం చేస్తుంది? మర్నాడు స్టార్టవకుండా మొరాయించాను. అది కూడా నా నేరాల జాబితాలో చేరింది.

చివరికి ఆవిడ తమ్ముడు రంగరాజు హైదరాబాదు నుంచి మహా ఉత్సాహంగా దిగాడు. వెంట కొత్త స్పోర్ట్స్ కారు, దాని షోరూము మేనేజరు. మేనేజరు మెడకి టై కట్టుకుని వచ్చాడు. వైశాఖ మాసంలో, రొయ్యల చెరువుల మధ్యకి.

"బావ గారూ, ఇందులో ఒక బటన్ ఉందండి. నొక్కితే ముక్కు పైకి లేస్తుంది. ఏ స్పీడు బ్రేకరైనా దాటేస్తుంది. ఇంక బల్లలతో పనే లేదు. అక్క హాయిగా ఏసీలో కూర్చోవచ్చు" అన్నాడు రంగరాజు.

రాజు గారి మొహం చాటంత అయింది. పాత కారు ఇచ్చేసి కొత్తది తీసుకుందామన్నారు. నన్ను ఆ సాయంత్రమే లారీ ఎక్కించి హైదరాబాదు తోలేస్తారట. అక్కడ ఎవరో నన్ను విప్పి, ముక్కలుగా అమ్ముతారట. అది మేనేజరు నా బానెట్ మీద తడుతూ, నేను విననట్టే చెప్పాడు.

ముందు భీమవరం దాకా వెళ్ళి వచ్చి చూద్దామనుకున్నారు. కొత్త కారులో రాజు గారు, పక్కన సుభద్రాయమ్మ గారు. వెనకాల నాలో రంగరాజు, మేనేజరు. గేటు ముందు కొత్త కారు ముక్కెత్తింది, చప్పుడు లేకుండా దాటేసింది. నేను ఆగాను. రంగరాజు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు దిగి, టై భుజం మీదకి వేసుకుని, బల్లలు పరిచాడు. మూడో స్పీడు బ్రేకరు దగ్గర, "ఇంకెన్ని ఉన్నాయి సార్?" అని అడిగాడు. రంగరాజు, "అలవాటవుతుందిలే" అన్నాడు.

లాకుల దగ్గరకి వచ్చేసరికి మరియమ్మ పరుగెత్తుకొచ్చి నాలోకి తొంగి చూసింది. "అమ్మగారేరండీ?"

"ముందు కార్లో వెళ్ళారు."

"ఆ నల్లద్దాల కార్లోనా? ఆగలేదేంటండీ? నేను చెయ్యూపినా అద్దం దింపలేదండీ. ఒంట్లో బాగోలేదాండీ?"

రంగరాజు హైదరాబాదు మనిషి. ఆగి నాలుగు మాటలు చెప్పే ఓపిక లేదు. "అదేం లేదు" అని గేరు మార్చి వచ్చేశాడు. అదేం లేదంటే మా ఊళ్ళలో ఏదో ఉందనే అర్థం. నల్లద్దాల కారు, ఆగకుండా భీమవరం వైపు, వెనకాల ఆవిడ కారు ఆవిడ లేకుండా, బల్లలు వేసేది టై కట్టుకున్న మనిషి, అంటే డాక్టరే. ఇంకేం కావాలి? మేం ఐసు ఫ్యాక్టరీ చేరకముందే ఫోన్ల మీద కబురు చేరిపోయింది, బల్లలమ్మగారికి సీరియస్ అని.

తిరిగి వచ్చేటప్పుడు లాకుల దగ్గర రోడ్డంతా జనమే. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు చేతులు కూడా కడుక్కోకుండా వచ్చేశారు. ఖాదరు మెడలో టేపుతోనే వచ్చాడు. కొత్త కారు ముక్కు ఎత్తింది గానీ, మనుషుల మీంచి దాటించే బటను దానికి లేదు. ఆగింది. నేను దాని వెనకే ఆగాను. మరియమ్మ వెళ్ళి నల్లద్దాన్ని అరచేత్తో దబదబా కొట్టింది. తలుపు తెరుచుకుంది. సుభద్రాయమ్మ గారు దిగారు. మరియమ్మ నుదురు ముట్టుకుని చూసి, "జొరం లేదండోయ్!" అని అందరికీ వినపడేలా అరిచింది. ఆవిడ ముందు నవ్వారు. తర్వాత మరియమ్మ భుజం పట్టుకుని భోరుమన్నారు.

రాజు గారు కంగారుగా దిగారు. "ఏమైందండీ? ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం, రండి."

"ఇంట్లో మాట్లాడితే మీరు వినరండి. అందుకని ఇక్కడే చెప్తాను" అన్నారావిడ కళ్ళు తుడుచుకుని. "కారు బాగుంది. చల్లగా ఉంది, కుదుపు లేదు. మా నాన్న గారి కారు కూడా ఇలాగే ఉండేది. పరదాలు కట్టేవారు. ఇవాళ మరియమ్మ నాకు చెయ్యూపుతుంటే నేను లోపల్నించి చెయ్యూపాను. దానికి కనిపించలేదు. అద్దం దింపుతానంటే దుమ్మన్నారు మీరు. పెళ్ళయిన దగ్గర్నించీ మీ ఇంట్లో ఉయ్యాల మీద కూర్చున్నాను. ఆ ఉయ్యాల మీరు కోయించేసిన రోజు వంటింట్లోకెళ్ళి ఏడ్చాను. ఇప్పుడు చెప్తున్నాను, ఇన్నేళ్ళలో మీరు నాకు చేసిన మంచి పని అదొక్కటేనండి. అది మంచి పనని మీకు తెలీదు. అంతే."

రాజు గారు మీసం మీదకి చెయ్యి తీసుకెళ్ళి, మళ్ళీ దించేశారు.

"మీకు కొత్తది కావాలంటే కొనుక్కోండి. పాతదాన్ని మాత్రం పంపించకండి. నాకిచ్చెయ్యండి."

"మీకు డ్రైవింగు రాదు కదండీ!"

"మీకు బల్లలెయ్యడం వచ్చా ఏంటి? నేర్చుకుంటే ఏదైనా వస్తుంది."

రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు పక్కున నవ్వారు. రాజు గారు కొత్త కారు వైపు చూశారు, నా వైపు చూశారు. నా గుండె, అంటే ఆ ట్రాక్టరు సామాను, దడదడలాడింది. ఆయన కొత్త కారు దగ్గరికి నడిచి, తెరిచి ఉన్న తలుపులోంచి ఖాళీ సీటు చూశారు. తర్వాత మేనేజరుని పిలిచి, "ఇందులో నా పక్కన ఎవరు కూర్చుంటారండీ?" అని అడిగారు.

"మీ ఇష్టం సార్! ఎవరైనా కూర్చోవచ్చు" అన్నాడు మేనేజరు.

ఆయన చుట్టూ చూశారు. పదేళ్ళు ఏలిన రోడ్డు. అక్కడున్నవాళ్ళలో ఒక్కడి పేరు కూడా ఆయనకి తెలియదు. ఆవిడకి అందరూ తెలుసు. తాళం చెవి మేనేజరు చేతిలో పెట్టేసి, "తీసుకెళ్ళిపోండి" అన్నారు.

ఇప్పుడు నా ముక్కు మీద ఎర్ర రంగుతో పెద్ద ఎల్ బోర్డు ఉంది. నాలాంటి దానికి ఎల్ బోర్డు! నన్ను కన్నవాళ్ళు చూస్తే తెల్లకోట్లు చింపుకుంటారు. సుభద్రాయమ్మ గారు నన్ను ఇరవై దాటి పోనివ్వరు, క్లచ్చు మీంచి కాలు తియ్యరు, ఎడమకి తిరగాలనుకుంటే వైపర్లు ఆడిస్తారు. నాలోని మూడు వందల కిలోమీటర్లు అలాగే ఉన్నాయి. ఇంక వాటితో నాకు పని పడదని అర్థమైంది. ఒకప్పుడైతే కుమిలిపోయేదాన్ని. ఇప్పుడు నన్ను పిలవడానికి ఈ రోడ్డు మీద ఎందరున్నారో తలుచుకుంటే అంత బాధ లేదు.

నాలో రెండే సీట్లు. ఆవిడ స్టీరింగు ముందుంటే, బల్లలు వేసే పని ఎవరిదో వేరే చెప్పాలా? మొదటి రోజు రాజు గారు తన గేటు ముందే దిగి, మోకాళ్ళు పట్టుకుని ఒంగి, బల్లలు వంకరగా పరిచారు. ఊరంతా చూస్తోంది. "ఇంకాస్త ఎడమకండీ" అని ఆవిడ, "ఎత్తుగా ఉందండీ, ఎవరేయించారో గానీ" అని దారిన పోయేవాడెవడో. ఆయన చెవులు ఎర్రబడ్డాయి గానీ, బల్ల సరిచేశారు.

నిన్న లాకుల దగ్గర నన్ను బల్లల మీదకి ఎక్కించి ఆపారు ఆవిడ. రాజు గారు మరియమ్మ కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని, ఖాదరుతో, ఏసుబాబుతో ఏదో వాదిస్తూ టీ తాగుతున్నారు. ఆవిడ హారన్ కొట్టారు. ఆయన గ్లాసు పైకెత్తి, "ఉండండీ, వీళ్ళకసలు విషయం తెలీడం లేదండీ" అని అరిచి, మళ్ళీ వాదనలో పడ్డారు. ఆవిడ ఇంకోసారి హారన్ మీదకి చెయ్యి తీసుకెళ్ళి, ఎందుకో మానేశారు. ఇంజను ఆపి, తలుపు తీసుకుని, తనూ దిగి వెళ్ళిపోయారు. నా వెనకాల భీమవరం బస్సు ఆగి చెవులు చిల్లులు పడేలా మోత పెడుతోంది. మనవాళ్ళిద్దరూ తలెత్తి చూడలేదు.